రెండంతస్తుల మధ్య నిచ్చెన

ఆ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ స్కేలమ్మ అనేవాళ్ళు. గీతలన్నీ కంప్యూటర్లోకి పోయి ఇన్నేళ్ళైనా, బల్ల మీద అడుగు పొడవు స్టీలు స్కేలు లేకపోతే ఆవిడకి పని తోచదు. దాంతో గీసేదేమీ లేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంటుంది, ఎవరూ చూడనప్పుడు వీపు గోక్కుంటుంది. మందుల దుకాణం పైన అద్దెకి తీసుకున్న రెండు గదులే ఆ ఆఫీసు. యజమాని ఆవిడకి సొంత మేనమామ, పక్క బల్ల దగ్గర కూర్చునేది సొంత తమ్ముడు. ఫ్యాక్టరీల లోపలి స్టీలు స్తంభాలు, నడవాలు, నిచ్చెనలు ఆవిడ గీస్తుంది. వాటి మధ్యనించి పోయే పైపులన్నీ తమ్ముడు గీస్తాడు. అక్క ఒకచోట స్తంభం పెడితే, సరిగ్గా అక్కణ్ణించే తనకి పైపు పోవాలని వాడు పేచీ పెట్టేవాడు. చిన్నప్పుడు కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్న వాళ్ళే కదా, అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆవిడ మొగుడూ ఆ ఆఫీసు మనిషే, కాకపోతే కుర్చీ మనిషి కాదు. వీళ్ళు గీసింది సైట్లో నిలబెట్టేటప్పుడు దగ్గరుండి చూసుకునేది ఆయన. ఆ సైట్లలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త నిచ్చెన బిగించాక, గీసినవాళ్ళ మనిషే ముందు ఎక్కాలి. ఆయన పైదాకా వెళ్ళి క్షేమంగా దిగితేనే మిగతావాళ్ళు దాని మీద కాలు పెడతారు. ఎవరు పెట్టారో గానీ న్యాయంగానే పెట్టారనాలి. తప్పు మీది అయినప్పుడు దెబ్బ మీ మనిషికే తగలాలి అన్న లెక్క. అలా స్కేలమ్మ గీసిన ప్రతి నిచ్చెనా మొట్టమొదట ఎక్కింది ఆవిడ మొగుడే.

"నీ మెట్లు ఇవాళ కాస్త ఎత్తుగా ఉన్నాయే. నా మోకాళ్ళ మీద ఏమైనా కక్షా?" అని సాయంత్రం ఇంటికొచ్చి ఆటపట్టించేవాడు.

ఆవిడ పైకి మూతి తిప్పుకునేది. కానీ నిచ్చెన గీస్తున్నంతసేపూ మెట్టు మెట్టు మీదా ఆయన బూట్లే కనిపించేవి. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే మావయ్య, "అందుకే నీ నిచ్చెనలు బాగుంటాయి" అని ఇంకో నిచ్చెన అప్పజెప్పేవాడు.

ఇలా ఉండగా నాలుగంతస్తుల పాలపొడి ఫ్యాక్టరీ పని వచ్చింది. పార్టీ వాళ్ళకి చాదస్తం. ప్రతి బోల్టూ, ప్రతి నట్టూ కంప్యూటర్లో కట్టే మోడల్లో కనబడాల్సిందే. మోడల్ పెరిగి పెరిగి ఆఫీసు కంప్యూటర్లకి మోయలేని బరువైంది. మౌస్ ఇటు జరిపితే బొమ్మ ఎప్పటికో అటు జరిగేది. కాస్త గట్టిగా తిప్పితే స్క్రీను తెల్లమొహం వేసేది, డబ్బాలో ఫ్యాను గగ్గోలు పెట్టేది. అప్పటిదాకా చేసిన పని కాస్తా గంగలో కలిసేది. సాయంత్రానికి ఆవిడకి కణతలు పగిలిపోయేవి. ఇంట్లో గరిటె తిప్పుతున్నా ఆ బొమ్మ ఆగి ఆగి కదిలినట్టే ఉండేది.

"మావయ్యా, ఇక నా వల్ల కాదు. కొత్త మిషన్ కొంటావా, కొత్త మేనకోడల్ని వెతుక్కుంటావా?" అంది ఒకరోజు.

మావయ్య చేతికి ఎముక ఉన్న మనిషే. అయినా ఆవిడ మొహం చూసి కరిగాడు. ఒకే ఒక్క మిషన్, అదీ తను దగ్గరుండి కొంటాను అన్నాడు.

కంప్యూటర్ల దుకాణం ఆయన నెత్తి మీద కళ్ళద్దాలు పెట్టుకుని, వాటి కోసమే బల్లంతా వెతుక్కునే రకం. మనిషి మాత్రం నిక్కచ్చి. మోసం చేశాడని అనడానికి లేదు, ఆ తర్వాత కూడా ఎవరూ అనలేదు.

"ప్రాసెసర్లో కోర్లు ఎన్ని అని చూడకండమ్మా, ఒక్కో కోరు ఎంత వేగం అని చూడండి. మోడల్ కట్టే పని ఒక్కడే చేస్తాడు. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని చూస్తుంటారు."

"మా ఆఫీసు లాగే అన్నమాట," అన్నాడు మావయ్య.

ప్రాసెసర్ సంగతి అలా తేలిపోయింది. చిక్కంతా తర్వాత వచ్చింది. మావయ్య ఒప్పుకున్న డబ్బులో రెండిట్లో ఒకటే కుదురుతుంది. డిజైన్ పనికి ప్రత్యేకంగా చేసిన గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుంటే మెమరీ సగమే వస్తుంది. మెమరీ నిండా పెట్టించుకుంటే కార్డు మామూలుది వస్తుంది. బొమ్మ ఎంత నున్నగా తిరుగుతుందన్నది కార్డు చేతిలో ఉంటుంది. ఒకేసారి ఎంత బొమ్మ తెరవగలమన్నది మెమరీ చేతిలో ఉంటుంది. ఇవన్నీ ఆవిడకి తెలియనివి కావు.

"మీ మోడల్ తెచ్చారా? రెండిట్లోనూ తిప్పి చూసుకోండి," అన్నాడు దుకాణం ఆయన.

తెచ్చింది, కానీ ఒక్క అంతస్తే. మొత్తం మోడల్ ఆఫీసు గడప దాటకూడదని పార్టీ వాళ్ళ షరతు. మెమరీ ఎక్కువున్న మిషన్లో ఆ అంతస్తు తెరుచుకుంది గానీ, కుదుపుల బండిలా తిరిగింది. కార్డు మంచిదున్న మిషన్లో మౌస్ మీద చెయ్యి పెట్టగానే బొమ్మ చేతి వెంటే వచ్చేసింది. ఎటు తిప్పితే అటు, ఎంత దగ్గరికి లాగితే అంత దగ్గరికి. స్కేలమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత విసిగిపోయి ఉందో ఆ క్షణందాకా ఆవిడకే తెలియదు పాపం.

"మెమరీదేముందమ్మా, ఖాళీ స్లాట్లు ఉన్నాయి, ఎప్పుడైనా వేసుకోవచ్చు. కార్డు అలా కాదు," అన్నాడాయన.

"ఈ పని బిల్లు రానీ, వేయించేస్తాను," అన్నాడు మావయ్య.

ఇద్దరూ ఆవిడ వంకే చూశారు. ఈ మిషన్ తీసుకుందాం అని కార్డు ఉన్నదాని మీద చెయ్యి వేసి చెప్పింది. ఎంచుకున్నది ఆవిడే, ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆఫీసులో పెళ్ళిచూపులని ఒక తంతు ఉంది. ఆ పేరు పెట్టింది తమ్ముడు. అక్క స్టీలునీ తన పైపుల్నీ ఒకే స్క్రీను మీదికి తెచ్చి, ఏది దేన్ని ఢీకొంటోందో కంప్యూటర్ చేత వెతికించడమే అది. తగిలిన చోటల్లా, మనిషి ఎక్కే దారికి అడ్డొచ్చిన చోటల్లా ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలన్నీ పోయాకే డ్రాయింగులు సైటుకి వెళ్ళాలి. కొత్త మిషన్లో ఒక్క అంతస్తు పెడితే వెన్న ముద్దలా తిరిగింది. నాలుగూ కలిపి పెట్టేసరికి మెమరీ నిండిపోయి కొయ్యబారింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అంతే.

"ఒక్కో అంతస్తుకీ విడివిడిగా పెళ్ళిచూపులు చేసేద్దాం అక్కా, నాలుగు పెళ్ళిళ్ళు చేసినట్టు ఉంటుంది," అన్నాడు తమ్ముడు.

అలాగే చేశారు. మొదటి అంతస్తులో చుక్కలు సరిచేశారు. రెండోది శుభ్రంగా ఉంది. మూడోది, నాలుగోది కూడా ఒక పూటలో అయిపోయాయి. ఆవిడ మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అంతస్తుల్ని నేల దగ్గర కోశారు కదా, మరి కోసిన చోట ఎవరు చూశారు?

"మావయ్యా, ఆ మెమరీ ఎప్పుడు?"

"వచ్చేవారం చూద్దాంలే. పార్టీ వాళ్ళు డ్రాయింగుల కోసం పీక్కు తింటున్నారు, ముందు పంపించెయ్యండి."

ఇంకో మాట అనుంటే మావయ్య వినేవాడే. ఆవిడ అనలేదు. స్క్రీను అంత హాయిగా తిరుగుతోంది, తలనొప్పి పోయింది, ఎన్నాళ్ళకో ఇంటికి వెళ్ళి కడుపునిండా తిని కంటినిండా నిద్రపోతోంది. సుఖం మరిగితే గుచ్చుకునే ముల్లు కూడా మొద్దుబారుతుంది కాబోలు. డ్రాయింగులు వెళ్ళిపోయాయి.

రెండో అంతస్తు నించి మూడో అంతస్తుకి ఎక్కే నిచ్చెన రెండో అంతస్తు ఫైల్లో ఉంది. దాని కొస, మనిషి తల పైకి వచ్చే చోటు, మూడో అంతస్తు నేల దాటి ఉంది. ఆ నేలకి జానెడు పైన పోయే తమ్ముడి పైపు మూడో అంతస్తు ఫైల్లో ఉంది. రెండూ ఒక్కసారి కూడా ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

సైట్లో పైపుల వాళ్ళు ఆ పైపుని పొద్దున్నే ఎక్కించి పోయారు. మధ్యాహ్నం నిచ్చెన బిగించారు. పైన ఇంకా దీపాలు పెట్టలేదు, అంతా మసక. ఆనవాయితీ ప్రకారం ఆయన ముందు ఎక్కాడు. నిచ్చెన ఎక్కే మనిషి మెట్ల వంకే చూస్తాడు గానీ వెనక వీపు మీదికి ఏం వస్తుందో చూడడు. నడుముకున్న తాడు తగిలించుకునే కొక్కెం ఇంకో మెట్టు పైన ఉంది. ఆ మెట్టు కోసం ఒళ్ళు పైకి లేపాడు. పైపు మెడ వెనక బలంగా తగిలి చేతులు జారాయి.

ఫోన్ తమ్ముడికి వచ్చింది. వాడు "ఆఁ, ఆఁ" అంటూ విని, ఫోన్ బల్ల మీద పెట్టి, అక్క వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ చేతిలో స్కేలు తిరగడం ఆగిపోయింది.

"ఏ నిచ్చెన?" అంది. బావకి ఎలా ఉందో వాడు చెప్పబోయేలోగా ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట అది. ఆ మాటకి ఆవిడ తర్వాత తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు.

ప్రాణం దక్కింది. నడుము కింద నించి మాత్రం ఏమీ తెలియడం లేదని, ఇక తెలియకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆవిడ మంచం పక్కన కూర్చుంది. దుప్పటి అంచులు సర్దుతూ ఉంటే ఆయన కళ్ళు తెరిచాడు.

"నీ మెట్లు బాగున్నాయే ఈసారి. ఒక్కటీ కదల్లేదు," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది స్కేలమ్మ. నోట్లో కొంగు కుక్కుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఓదార్చడానికి ఆయన చెయ్యి చాపాడు గానీ, నడుము తిరగక అది మంచం అంచు దాటలేదు.

మెమరీ మావయ్యే తెచ్చాడు. ఎవరూ అడగలేదు. దుకాణం ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఆయన ఎవరి మొహమూ చూడకుండా డబ్బా మూత విప్పి, ఖాళీ స్లాట్లలో నొక్కి, మూత బిగించి వెళ్ళిపోయాడు. బల్ల మీద పెట్టిన కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అంత చిన్న పని అది. తమ్ముడు నాలుగంతస్తులూ కలిపి తెరిచాడు. ఈసారి కొయ్యబారలేదు. పెళ్ళిచూపులు పెట్టగానే ఎర్ర చుక్క పడింది. వాడు లేచి వెళ్ళి బాత్రూంలో తలుపు వేసుకున్నాడు. పైపు గీసింది వాడు కదా. అక్క తలుపు కొట్టి, "నీది కాదురా, కోసిన చోట చూడనిది నేను," అంది.

ఆయన చక్రాల కుర్చీకి కాస్త అలవాటు పడ్డాక ఒకరోజు, ఆ బొమ్మ చూపించమన్నాడు. వద్దంటే వినలేదు. తమ్ముడూ, కింద మందుల దుకాణం ఆయనా కుర్చీని చెరోవైపు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కించారు. ఒకప్పుడు రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కిన మనిషి, ఇప్పుడు ఒళ్ళో చేతులు పెట్టుకుని మోయించుకున్నాడు. మావయ్య ఎదురొచ్చి, కుర్చీ చక్రానికి అంటిన దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

"మొత్తం తిప్పవే ఒకసారి," అన్నాడాయన.

ఆవిడ తిప్పింది. నాలుగంతస్తులు, వేల బోల్టులు, అన్నీ కలిసి చేతి వెంట నున్నగా తిరిగాయి.

"ఎంత బాగా తిరుగుతోందో," అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అన్నాడు. "నేను పడ్డచోటికి పోనివ్వు."

పోనిచ్చింది. నిచ్చెన, దాని కొస, మీదుగా పైపు. ఆయన చాలాసేపు చూశాడు.

"ఆ పైపు తీసెయ్యి."

ఒక్క నొక్కు నొక్కింది. పైపు మాయమైంది. నిచ్చెన పైన దారంతా ఖాళీగా, మనిషి హాయిగా ఎక్కిపోయేలా ఉంది.

"ఇంతేనా?" అన్నాడాయన.

మావయ్య చేతిగుడ్డతో ఆ శుభ్రమైన చక్రాన్నే మళ్ళీ తుడిచాడు.

"మళ్ళీ పెట్టెయ్యి దాన్ని," అన్నాడు కుర్చీలోంచి. "మూడు నించి నాలుగుకి పోయే నిచ్చెన ఇంకా బిగించలేదట కదా, అది చూడు ముందు. సైటుకి ఇప్పుడు వెళ్ళేది మీ తమ్ముడేనట."

ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తల తిప్పి చూసింది. తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, కాళ్ళకి బావ బూట్లు. అవి వాడికి కాస్త పెద్దవి.

స్కేలమ్మ స్క్రీను వైపు తిరిగి, పైపుని మళ్ళీ పెట్టి, నాలుగో అంతస్తుకి పోయే నిచ్చెనని మొదటి మెట్టు నించి చూడడం మొదలుపెట్టింది.