ఏడుపు వంతు

శవాన్ని లేపాలంటే కొడుకు కావాలన్నారు తండా పెద్దలు. ఆ కొడుకు యమునే. పుట్టినప్పుడు ప్రేమ్‌సింగ్ అని పేరు పెట్టి, చీర కట్టిందని ఈ నెల్లికుదురు తండా నుంచి తరిమేసినవాళ్లకు, తల్లి చచ్చిన పూట ఆ పాత పేరు నోటినిండా గుర్తొచ్చింది.

కబురందగానే జనగామ నుంచి చీరలోనే వచ్చింది యమున. నిప్పుకుండ పట్టడానికి కాదనలేదు. అడిగింది ఒక్కటే. తండాలో ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషి తమకేమవుతుందో వంతులవారీగా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ వరుసలో కూర్చుని కూతురిగా అమ్మకోసం ఏడవాలి.

"గుండు గీయించుకో, ధోతి కట్టు. అటెన్క నీకిష్టమున్న కాడ కూసో," అన్నాడు పెదనాన్న మాన్‌సింగ్.

జనగామలో తనను చేరదీసిన గురువు రషీదా బేగంకు ఫోన్ చేసింది యమున. ఆ ఇంట్లో యమున లాంటివాళ్లంతా అక్కాచెల్లెళ్లు, బేగం తల్లి. తల గొరిగించుకుంటే మళ్లీ మగవాడినని ఒప్పుకున్నట్టేనని ఆ ఇంటి కట్టుబాటు.

"నీ దుఃఖం నాకెరికే బేటీ," అంది బేగం. "కానీ కత్తి తలకు తాకినంక మా గడప తొక్కకు. గిది నేను పెట్టిన కాయిదా కాదు, పెద్దల నుంచి వస్తాంది."

ఆడా మగా తేల్చడానికి ఎవరి కాయిదా వాళ్లకుంది. అమ్మ దగ్గర మాత్రం ఏ కాయిదా లేదు. మిరప ఏరే కూలి దొరకని రోజుల్లో బస్సెక్కి జనగామ వచ్చేది. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, నూనె రాసి జడ వేసి, మళ్లీ బస్సెక్కేది. తండాలో అడిగితే అంగడికి పోయానని బొంకేది.

ఎండ ముదిరింది. శవం మీద ఈగలు ముసురుతున్నాయి. ఇంకా తాత్సారం చేయడానికి యమునకు మనసొప్పలేదు. వాకిట్లో బండ మీద కూర్చుని తల వంచింది. జడ తెగి ఒళ్లో పడ్డప్పుడు ఏడుపొచ్చింది గానీ దిగమింగుకుంది. ఆ ఏడుపంతా అమ్మ దగ్గరికే తీసుకుపోదామనుకుంది, పిచ్చిది.

ధోతి కట్టుకుని ఆడవాళ్ల మధ్య కూలబడింది. ఎవరూ లేవమనలేదు. పిన్ని సారక్క రెండు చేతులా మెడ వాటేసుకుంది. ఎన్నాళ్లకో తనవాళ్ల ఒంటి వెచ్చదనం తగిలి యమునకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సారక్క శవం వైపు తిరిగి రాగమెత్తింది.

"ఓ అక్కా, కండ్లు కాయలు కాసేదాక చూస్తివి గదనే. నీ కొడుకు మొగోడై ఇంటికొచ్చిండు. ఒక్కపారి లేచి చూడవే."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఆ కన్నీళ్లలో మోసం లేదు, అక్క కోరిక తీరిందనే వాళ్ల నమ్మకం. అదే యమునను నిలువునా కోసేసింది. తిడితే తిరగబడేది. ఇంత ప్రేమగా అంటుంటే ఎవర్నేమనాలి?

ఆమె వంతు వచ్చింది. కొడుకు రాలేదమ్మా, నువ్వు జడ వేసిన బిడ్డే వచ్చిందని చెప్పాలి.

"యాడీ," అని తండా భాషలో తల్లిని పిలిచింది. "నేను నీ..."

మాన్‌సింగ్ రెక్క పట్టి లేపాడు. "ఇగ చాలు. మొగపోరడు గిట్ల ఏడిస్తే నవ్వుతరు. కుండ పట్టు, పొద్దు పోతాంది."

దారి పొడుగునా ముసలివాళ్లు ఆమె గుండు నిమిరారు. "తల్లి రుణం తీర్చుకున్నవ్ కొడుకా," అన్నారు. అమ్మకు ఉన్నది ఒక్క కూతురు. ఆ కూతురు ఏడవకుండానే అమ్మ కాలిపోయింది.