ఫ్లూరిన్ తవ్విన గొయ్యి

మా చెల్లెలు లదీనాకి కాబోయే మొగుడు ఫ్లూరిన్. ఏ మాటైనా అతను రెండుసార్లు చెప్పాడంటే నాకు అనుమానం పుడుతుంది. ఆ ఉదయం "వాలు గట్టిగా ఉంది బావా" అని మూడుసార్లు చెప్పాడు.

ముగ్గురం స్కీల మీద నాలుగు గంటలు ఎక్కి కనుమ చేరాం. అవతల ఉత్తరపు వాలు, మంచు మీద ఒక్క స్కీ గీత కూడా పడకుండా ఉంది. ఈ ఏడాది దాన్ని మొదట దిగేది తనేనని లదీనా ఊరంతా చాటింది. రేడియోలో మాత్రం మంచుచరియల ప్రమాదం ఐదులో మూడన్నారు.

"నిన్న వచ్చి పరీక్ష చేశాగా! ముప్ఫై దెబ్బలకీ మంచు కదల్లేదు," అన్నాడు ఫ్లూరిన్.

ఆ పరీక్షంటే, గొయ్యి తవ్వి, దాని గోడలో మంచుని చుట్టూ కోసి స్తంభంలా విడదీసి, పైన పార ఆనించి కొట్టాలి. మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది. పై పొర తొందరగా జారిందా, ఇంటికి పోవాలి.

"ఎక్కడ తవ్వావు?"

"అదిగో, ఆ రాతి గుడిసె పక్కన."

"పద, చూద్దాం."

"చూశావా లదీనా, మీ అన్న పోలీసయ్యాడు. పెళ్ళిలో నా జేబులు కూడా వెతుకుతాడు కాబోలు!"

గుడిసె దక్షిణపు ఎండలో ఉంది. మేం దిగాల్సింది ఉత్తరపు నీడలో. గొయ్యి పక్కన చీజ్ పెచ్చులు పడి ఉన్నాయి. దాని గోడ నున్నగా ఉంది, ఎక్కడా కోత లేదు.

కనుమ అంచున, నీడ పడే చిన్న గట్టు మీద కొత్త గొయ్యి తవ్వాను. మణికట్టుతో నాలుగో దెబ్బకే పై పొర పలకలా నా ఒళ్ళోకి జారింది. దాని కింద మంచు పంచదారలా ఉంది, పిడికిట పట్టినా ముద్ద కాలేదు.

"ఇక్కడ గాలి ఎక్కువ, అంతే," అన్నాడు ఫ్లూరిన్.

అంతలో పట్నం వాళ్ళు నలుగురు వచ్చి, కేకలు వేసుకుంటూ ఆ వాలు దిగిపోయారు. మంచు కదల్లేదు.

"చూశావా బావా! ఇంకా పంచదార బొక్కుతూ కూర్చుంటావా?"

మాలో ఒక్కరు వద్దన్నా ఎవరూ దిగరు, కారణం అడగరు, అది మా నియమం. కానీ ఈ సంబంధం నాకు నచ్చలేదని లదీనాకి తెలుసు. వద్దంటే, అందుకే అన్నానని జీవితాంతం అనుకుంటుంది.

"వద్దు," అన్నాను.

లదీనా నా కళ్ళలోకి చాలాసేపు చూసింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"నిన్న స్తంభం ఎటువైపు కోశావు?"

ఫ్లూరిన్ పట్నం వాళ్ళు వాలు మీద వదిలిన నాలుగు గీతల వంక చూశాడు. "నీకు దిగాలని అంత సరదాగా ఉంది కదా అని..."

ఆ వాలు మా ముగ్గురినీ మోసేదేమో, నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చిన దారినే తిరిగి దిగాం. లదీనా మా ఇద్దరినీ ముందు దిగమని, ఊరు చేరేదాకా మా వెనకే వచ్చింది.