రవ్వ మీద ఆవిరి

జనరల్ బజారులోని ఆ నగల దుకాణానికి వచ్చినప్పటి నుంచీ సీతారత్నం కుంకుమభరిణెను చేతిలోంచి దించలేదు. కాబోయే కోడలు వసుధ ఉంగరాల ట్రేలు ముందేసుకుని కూర్చుంది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. మనసులో ఏముంటే అదే నోట్లోంచి వస్తుంది. కొడుకు ఉదయ్‌కిరణ్ ఆఫీసు వదిలి రాలేనన్నాడు. "ఇంట్లో వజ్రపు రవ్వ ఉండగా ఇంకోటి కొనడం ఎందుకమ్మా?" అన్నవాడు మాత్రం వాడే.

"రాయి ఇటియ్యుండ్రమ్మా, చూస్తా," అన్నాడు దుకాణం యజమాని మధుసూదన్.

ఆమె భరిణె మూత తీసి, దూదితో సహా గాజు బల్ల మీద పెట్టింది. రాయిని తాకలేదు.

అతను సన్నటి పట్టకారుతో రవ్వనెత్తి లైటు కింద తిప్పాడు. "పాత రాయి. అవ్వల్ ఉంది, మంచి జాతి. ఏదీ బిడ్డా, చెయ్యి పెట్టు." వసుధ వేళ్ల సందున దాన్ని నిలబెట్టాడు. వసుధ మురిసిపోతూ చేతిని అటూ ఇటూ తిప్పింది. సీతారత్నం చూపు పక్కకి మళ్లించుకుంది. చెల్లెలు ఇంద్రజ కూడా చేతిని అచ్చం అలాగే తిప్పుకునేది.

"ఓపెన్ సెట్టింగ్ చేస్తే ఎట్లుంటదన్నా?" అని అడిగింది వసుధ.

"వెనక ఖాళీ ఉంటది. కింది నుంచి సుత వెలుతురొస్తది, మస్తు మెరుస్తది. రాయి వేలికి తాకుతది. క్లోజ్ అయితే వెనక బంగారు రేకుతోని మూస్తం. మెరుపు జెర తక్కువ."

"అయితే ఓపెనే!"

"వద్దమ్మా, మూసిందే చేయించుకో." సీతారత్నం గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఏందత్తమ్మా, ఉంగరం లోపల సుత గోడ కడ్తరా?"

మధుసూదన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

రవ్వ అచ్చిరావాలనీ, అచ్చిరానిది ఒంటికి తగలకూడదనీ ఆమె తల్లి అనేది. అందుకే సీతారత్నం భరిణెను కొన్నాళ్లు దేవుడి గదిలో పెట్టి, ఏం జరుగుతుందో చూసింది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. మెట్ల మీద భర్త నరసరాజు కాలు మడత పడింది. ఒక పిట్ట దేవుడి గదిలో దూరి, బయటికి దారి తెలియక, పటాల అద్దాలకు కొట్టుకుంది. ఏ ఇంట్లోనైనా జరిగేవే. వాటిలో రవ్వ పని ఏదో, కానిది ఏదో తేలలేదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

"అసలు రవ్వ మీద ఊదితే ఆవిరి నిలవదంట. మా నానమ్మ చెప్తుండె," అంటూ వసుధ నోరు దగ్గర పెట్టి ఊదింది.

రాయి తెల్లబడింది. ముగ్గురూ వంగి చూశారు. తెలుపు పోలేదు.

"ఏసీ చల్లదనం," అన్నాడు మధుసూదన్. కాసేపటికి ఆవిరి మెల్లగా పోయింది.

జ్వరంలో కూడా ఇంద్రజ ఉంగరం మీద ఊదుకునేది. ఆ ఒంటి వేడికి ఊపిరి సెగలా ఉండేది. "చూడక్కా, అప్పుడే పోయింది," అనేది.

వసుధ రవ్వను మళ్లీ దూదిలో పెట్టి, గొంతు తగ్గించింది. "అత్తమ్మా, మీ హాల్ల ఫోటో ఉంది గద, చెంపకు చెయ్యి పెట్టుకొని. గా చిన్నత్తమ్మ ఉంగరం రాయి ఇదేనా?"

సీతారత్నం తలూపింది. "నిశ్చితార్థానికి అటువాళ్లు పెట్టారు. పెళ్లి కాకుండానే జ్వరమొచ్చి పోయింది. ఉంగరం తిరిగివ్వడానికి వెళితే గుమ్మంలోనే మాకొద్దన్నారు. అమ్మ బంగారం కరిగించేసింది. దీన్నేం చెయ్యాలో తెలియక దాచింది. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చింది."

"ముందుగాలే చెప్పకపోతిరి?"

"భయపడతావని."

"భయమైతున్నది మీకు గద, అత్తమ్మా."

సీతారత్నం దూది వైపు చూసింది. వెనక్కి తీసుకెళితే మళ్లీ ఆ భరిణె, ఆ చీకటి. ఈ పిల్ల వేలికి పెడితే, రోజూ ఆ వేలినే చూస్తూ బతకాలి.

చెయ్యి చాచి మొదటిసారి రవ్వను వేళ్లతో పట్టుకుంది.

"ఓపెనే చెయ్యండి. కొలత మాత్రం నా వేలిది తీసుకోండి. అమ్మాయికి కొత్త రాయి చూపించండి."

వసుధ ఆమె ముఖంలోకి చూసింది. "సరే. గానీ మీకేం గాకుంటే ఇది నాకే ఇయ్యాలె. మాటియ్యుండ్రి."

"ఇస్తానే పిచ్చిపిల్లా!" అంటుంటే సీతారత్నానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మధుసూదన్ కొలత రింగుల గుత్తి తెచ్చాడు. ఆమె ఎడమచెయ్యి ఇచ్చింది. రవ్వ కుడి పిడికిలిలో ఉంది. మొదట వెచ్చగా తగిలినప్పుడు వసుధ చేతి వేడి అనుకుంది. కానీ ఒక్కో రింగూ వేలికి ఎక్కి దిగుతున్నా, ఏసీ గాలికి ఆమె చేతులు రెండూ చల్లబడిపోయినా, ఆ రాయి మాత్రం జ్వరమొచ్చిన ఒళ్లులా ఇంకా కాలుతూనే ఉంది.