మూడు కాదు, పద

బావ నడుము విరగ్గొట్టింది బస్తా కాదు, కాంట్రాక్టరు. కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాదో మతం, బావదో మతం; బావ అన్నది పిలుపు వరసే. పద్నాలుగేళ్లుగా గోడౌన్లో మాది ఒకే జోడీ. వంద కిలోల బస్తాకి చెరో కొస పట్టేవాళ్లం. అందరూ "ఒకటి, రెండు, మూడు" అని ఎత్తేస్తారు. మేం మాత్రం మూడు తర్వాత నేను "పద" అన్నాకే ఎత్తేవాళ్లం.

బస్తా యాభై కిలోలకు తగ్గించమని హమాలీలమంతా కలిసి అడిగాం. అంతే, కాంట్రాక్టరుకి ఉన్నట్టుండి మతాలు గుర్తొచ్చాయి. గొడవలొస్తాయంటూ జోడీలు విడగొట్టి, ఏ మతం వాళ్లను ఆ మతం వాళ్లతో కలిపాడు. బావ కొత్త జోడీ "మూడు" అనగానే ఎత్తేశాడు. బావ అలవాటుగా "పద" కోసం ఆగాడు. బస్తా ఒరిగి మీద పడింది. బావ మళ్లీ లేవలేదు, ఇప్పటికీ మంచంలోనే ఉన్నాడు.

వారం తిరక్కుండానే గోడౌన్ ఆవరణలో సభ పెట్టారు. "రాబోయే పదేళ్ల మత సామరస్య ప్రణాళిక" అట! అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆ కాంట్రాక్టరే! సిగ్గూ శరం ఉండక్కర్లేదా? ప్రణాళికలో ఏముందయ్యా అంటే, మతానికో గేటు, మతానికో షిఫ్టు. రెండు మతాల పెద్దలూ తలలూపారు.

"ఎడంగా ఉంటేనే స్నేహం నిలుస్తుంది," అన్నాడు కాంట్రాక్టరు.

బావ భార్య లేచింది. నేను అక్కా అని పిలుస్తాను. "మరి నా మొగుణ్ణి మంచాన పడేసింది ఏ దేవుడయ్యా?"

"కూర్చోమ్మా, ఇది పెద్దల సభ."

"నువ్వొక్క బస్తా ఎత్తి చూపించు, కూర్చుంటా!"

జనం గొల్లున నవ్వారు. కాంట్రాక్టరు మొహం మాడిపోయింది. "ఆ రాయి తెచ్చి వేదిక పక్కన నిలబెట్టండ్రా!" అని మా మీద అరిచాడు.

'సామరస్యం' అని చెక్కించిన రాయి అది, ఎనిమిది మంది మొయ్యాలి. పాత జోడీలతోనే వెళ్లాం. బావ కొస అక్క పట్టింది.

"ఒకటి, రెండు, మూడు..."

ఎవరూ కదల్లేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"పద!"

రాయి లేచింది. వేదిక దాటించి, తిన్నగా లారీల గేటుకి అడ్డంగా పడుకోబెట్టాం. దానిమీదే కూర్చున్నాం.

"యాభై కిలోల బస్తా, పాత జోడీలు. అంతదాకా లారీ కదలదు," అంది అక్క.

పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపాడు. "మూడు లెక్కపెట్టేలోపు లేవాలి! ఒకటి, రెండు, మూడు!"

అక్క నవ్వింది. బావ పడ్డాక అదే మొదటిసారి. "మూడుకి లేచే అలవాటు మాకు లేదు సార్."

లాఠీలు లేచాయి. "పద" అనాల్సింది నేను. నేను అనలేదు.