ఖరగ్‌పూర్ ఆడవాళ్ళ ఓట్లు

ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా కుంపటి రాజేస్తాను. ఎందుకంటే మా ఆయన వెనకాలే ఆరుగురు వస్తారు. వాళ్ళు వచ్చేసరికి టీ మరుగుతూ ఉండాలి, పకోడీ మొదటి వాయి దిగి ఉండాలి, మా అత్తగారు సూసన్నమ్మ మంచం వెనక గదిలోకి జరిగి ఉండాలి. వాళ్ళది సైన్సు కథల సంఘం. ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో మాకున్నవి రెండే గదులు. ముందు గది ఆదివారమంతా సంఘానిదే. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టి అప్పటికి ఏడాది కాలేదు. మా ముందు గదిలో కూర్చున్న ఏడుగురూ తామే వెళ్ళి వచ్చినట్టు మాట్లాడేవారు. మాటల మధ్యలో గ్లాసులు ఖాళీ అయ్యేవి. అప్పుడు మా ఆయన విల్‌ఫ్రెడ్ గట్టిగా దగ్గేవారు. అది నన్ను పిలవడం.

ఆ ఆదివారం నగరేశ్వరరావుగారు కొత్త ‘గగనవీధి’ తెచ్చారు. ఆయనకి ఖరిదా బజారులో కిరాణా కొట్టుంది, సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. మద్రాసు నుంచి వచ్చే ఆ మాసపత్రికలో అన్నీ రాకెట్ల కథలు, గ్రహాల కథలు, రాబోయే కాలం కథలు. ఏడాదికోసారి పాఠకుల ఓట్లతో ఉత్తమ కథకి బహుమతి ఇస్తారు. పత్రిక చివరి పేజీలో కూపను ఉంటుంది. దాన్ని కత్తిరించి కథ పేరు రాసి, ఎందుకు నచ్చిందో రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి పంపాలి. ఆ నెల సంపాదకుడు ఒక విన్నపం వేశాడు. నగరేశ్వరరావుగారు లేచి నిలబడి చదివారు: “ప్రతి ఏడూ ఒకే రకం మనుషులు ఓట్లు వేస్తున్నారు, ఒకే రకం కథ గెలుస్తోంది. ఈసారి స్త్రీలు, ఆంధ్ర రాష్ట్రం బయట ఉన్న తెలుగువారు విరివిగా పాల్గొనాలి. మీ మాట మాకు కావాలి.”

గది ఒక్కసారి గలగలమంది. “మనల్ని అడిగినార్రా!” అన్నారు మా ఆయన. ఆ సంతోషం అబద్ధం కాదు. బెంగాలీల మధ్య బెంగాలీలం కాము, ఆంధ్రాకి వెళితే ‘కలకత్తావాళ్ళు’ అంటారు. మమ్మల్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు అంతవరకూ లేరు. టీ పళ్ళెంతో గుమ్మంలో ఉన్న నాకు కూడా గుండె కొట్టుకుంది. ఇంతలో ఎవరో, “ఆడవోళ్ళ ఓట్లు కూడా గావాలంట గదా, ఎక్కడి నుంచి తెత్తాం?” అన్నారు. మా ఆయన నవ్వేశారు. “ఇంట్లో పెట్టుకొని ఊరంతా ఎతుకుతారేటి? మనమెంతమందో మన ఇళ్ళ ఓట్లు కూడా అన్ని!” అందరూ నవ్వారు. నేను ఒక్కొక్కరి చేతికీ గ్లాసు అందిస్తూనే ఉన్నాను. ఒక్కరూ తల ఎత్తి నా వైపు చూడలేదు.

పత్రిక నా చేతికి వచ్చేసరికి ఏడు ఇళ్ళు తిరిగి అట్ట ఊడిపోయి ఉండేది. అయినా నేను మొదటి అక్షరం నుంచి చివరి తలనూనె ప్రకటన దాకా చదివేదాన్ని. మధ్యాహ్నం గిన్నెలయ్యాక పక్క క్వార్టరు అన్నమ్మ వచ్చి గడప మీద కూర్చునేది. ఆమె భర్త ఆమోసుది రైల్వే యార్డులో పెట్టెలు జరిపించే షంటింగు పని. అన్నమ్మకి చదువు రాదు, నేను పైకి చదవాలి. నగరేశ్వరరావుగారి భార్య కన్యకాంబ జాకెట్లు కుట్టించుకునే వంకన ఖరిదా నుంచి రిక్షాలో వచ్చేది. నేను బాగా కుడతాను గాని కుట్టుకూలి తీసుకోకూడదు, మా ఆయనకి నామోషీ. కన్యకాంబ మా ఇంట్లో మంచినీళ్ళు తాగదు. కథలు మాత్రం తాగేస్తుంది. లోపలి నుంచి మా అత్తగారు, “ఆ పుస్తకంలో కూరేటైనా ఉడుకుతందా?” అని అరుస్తూ ఉండేది.

ఆ ఏడు వచ్చిన వాటిలో ‘నడిమి తరం’ అని ఒక కథ ఉంది. రచయిత పేరు కొత్తది. ఒక ఓడ భూమిని వదిలి నక్షత్రానికి బయలుదేరుతుంది. చేరడానికి వందల ఏళ్ళు పడతాయి. ఎక్కినవాళ్ళు దారిలోనే పోతారు, దిగేవాళ్ళు ఇంకా పుట్టలేదు. మధ్యలో పుట్టినవాళ్ళు భూమినీ చూడరు, నక్షత్రాన్నీ చూడరు. గాలిని శుభ్రం చేసే జల్లెడలు కడుగుతూ, నీళ్ళు వడబోస్తూ, పిల్లల్ని కంటూ ఓడలోనే పోతారు. ఒక ఆడమనిషి నాయకుడి దగ్గరికి వెళ్ళి అడుగుతుంది, వెళ్ళినవాళ్ళు కోరుకున్నారు, చేరేవాళ్ళు అనుభవిస్తారు, మధ్యలో మమ్మల్ని ఎవరు అడిగారు అని. అతను, ఇవాళ జల్లెడ కడిగావా అంటాడు. ఆమె వెళ్ళి కడుగుతుంది. కథ అంతే.

నేను చదవడం ఆపాను. “కడిగేసిందా?” అంది అన్నమ్మ. 

“కడిగేసింది.” 

“కడక్కపోతే లోపల పిల్లలకి గాలాడదు గదమ్మా, ఏటి సేత్తాది మరి,” అని తనే అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కన్యకాంబ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుని కూర్చుంది. నాకు పదహారో ఏట పెళ్ళి చేసి శ్రీకాకుళంలో రైలెక్కించి ఇక్కడ దింపారు. ఆ రోజు నన్ను అడగని ప్రశ్న ఎవరో మద్రాసులో కూర్చుని అచ్చు వేయించారు. ఇంత దుఃఖంలో కూడా ఇంత సంతోషం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మగవాళ్ళు ఆ కథని ఒక్క మాటతో తీసిపారేశారు. “రాకెట్టు ఎక్కినా వంటింటి గోలేటి?” అన్నారు. వాళ్ళకి నచ్చినది ‘కుజుడి మీద జెండా’. అందులో నలుగురు వీరులు ఉంటారు. ఒక ఆడది కూడా ఉంటుంది, జెండా కుడుతుంది.

విన్నపం చదివిన మర్నాడు, సోమవారం పొద్దున టిఫిన్ క్యారియర్ చేతికిస్తూ మా ఆయనతో అన్నాను. “నా ఓటు నానే రాసుకుంతానండి.”

“ఏటి?”

“ఆ కూపను. నాకియ్యండి. అన్నమ్మకీ కన్యకాంబకీ కూడా.”

ఆయన నన్ను వింతగా చూసి నవ్వారు. “అరె, ఠీక్ హై. రాసుకో. ఎవులొద్దన్నారు?”

ఆ మాటకి ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. అంతకు ముందు రెండు ఎన్నికల్లో ఓటు వేశాను. రెండుసార్లూ ఏ గుర్తు మీద ముద్ర గుద్దాలో ఆయనే చెప్పారు, నేను గుద్దాను. నాకు నచ్చినది ఏదో నన్ను నేను అడగడం ఇదే మొదలు. ఓట్ల కోసం సంఘం తెప్పించిన అదనపు కాపీల్లో మూడు ఆయన తెచ్చి ఇస్తే, బట్టల కత్తెరతో కూపన్లు కత్తిరించాను. ‘నడిమి తరం’ అని రాశాను. కారణం రాసే చోట ఏం రాయాలో చాలా రోజులు తేలలేదు. పప్పు ఏరుతూ, అత్తగారి కాళ్ళు పడుతూ అదే ఆలోచన. చివరికి ఇలా రాశాను: “ఎవరూ అడగనివాళ్ళ గురించి ఈ కథ అడిగింది.” అన్నమ్మ తన మాట చెబితే నేను రాశాను, వేలిముద్ర వేసింది. కన్యకాంబ తనది తనే రాసుకుంది. సంఘం వాళ్ళవన్నీ ఒకే కవరులో వెళతాయని మూడూ మా ఆయనకి ఇచ్చాను. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని పైన తట్టి మరీ వెళ్ళారు.

ఫలితాలు వచ్చిన రోజు నగరేశ్వరరావుగారు రసగుల్లాల కుండతో వచ్చారు. ‘కుజుడి మీద జెండా’ గెలిచింది. ‘నడిమి తరం’ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ తేడాని తేల్చినవి మా ఊరి ఓట్లేనట. సంపాదకుడు ఆనందంగా రాశాడు: “ఖరగ్‌పూర్ సోదరీమణుల ఓట్లు ఒక్కటీ చీలకుండా సాహస కథకే పడ్డాయి. స్త్రీలు దిగులు కథలే కోరతారన్న మా అపోహ తొలగింది. వారి అభీష్టం మేరకు ఇకపై ‘నడిమి తరం’ వంటి కథలు ప్రచురించబోము.” కింద మా పేర్లు వరసగా ఉన్నాయి. జ్ఞానరత్నం అన్న నా పేరు పక్కన నేను చెప్పినట్టు కారణం కూడా వేశారు. “ఈ కథ చదివి వినిపించి నా పిల్లలకు ధైర్యం నూరిపోశాను.”

నాకు పిల్లలు లేరు. పెళ్ళై పదకొండేళ్ళు. ప్రతి ఈస్టరుకీ చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు నా కడుపు వంక చూసి నిట్టూరుస్తారు. అది తెలియని మనిషి నిమ్‌పురాలో లేడు, మా ఆయనకి తెలియకపోవడం అసలు లేదు. ఆయన ఆ పేజీ పట్టుకుని నవ్వుతూ అందరికీ చూపిస్తున్నారు. “మా రత్నం పేరు సూడండి, అచ్చులో!” అంటున్నారు. ఆ వరుస ఆయన కంటికి ఆనలేదు. నేను లోపలికి వెళ్ళి రసగుల్లాలు గిన్నెల్లో వేసి తెచ్చి అందరికీ ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. “నాను రాసింది ఏటి సేసినారు?”

“ఏది?”

“నా కూపను.”

ఆయన గోడకేసి చూశారు. “నగరేశ్వరరావుగారు ఆడోళ్ళయన్నీ ఒక్క చేత్తో మళ్ళీ రాసినారు. ఓట్ల కోసమని ఎక్కువ కాపీలు కొన్నారు కదా, కూపన్లు మిగిలినాయి.”

“నాది సించినారా?”

“రత్నం, ఇను. ఈ ఊళ్ళో మనమెంతమందిమి? సగం అటు, సగం ఇటు అంటే మన మాట ఎవులింటారు? అందరం ఒక్కటైనాం గనక మన ఊరు పేరు మోగింది. మొదటిసారి మనల్ని లెక్కలోకి తీసుకున్నారు.”

“పిల్లలని రాసినారు.”

అప్పుడు చదివారు ఆయన. మొహం కాస్త మాడింది. “ఆయనేదో తొందరలో అందరికీ ఒకలాగే రాసేసినాడు. దానికేటి ఇప్పుడు?”

“పత్రికోళ్ళకి రాత్తాను.”

“పిచ్చా నీకు? నీదొక్కటి దొంగోటని తేలితే అన్నీ కొట్టేత్తారు. మళ్ళీ జన్మలో మనల్ని అడగరు. ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను? రాసినావంటే ఈ ఇంట్లో ఇంక పుస్తకం కనిపించదు, సెప్తన్నాను.” ఆయన ఎప్పుడూ నా మీద చెయ్యి ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు. కూపను చించేటప్పుడు నేను గుర్తొచ్చానా అని అడగాలనిపించింది. జవాబు తెలిసి అడగలేకపోయాను. ‘మనల్ని’ అని ఆయన ఎన్నిసార్లు అన్నారో, అందులో నేను ఒక్కసారి కూడా లేను.

మర్నాడు కన్యకాంబకి చెప్పాను. చేతులు పట్టేసుకుంది. “వద్దక్కా. నా పేరు అచ్చులో పడిందని మా అత్త బజారంతా సూపిత్తంది. ఆవిడ నాతో నవ్వుతూ మాటాడడం ఇదే మొదలు. ఇప్పుడు అది నాది కాదంటే నన్ను బతకనిత్తారా?” అన్నమ్మ అయితే, “నా పేరు ఎత్తకమ్మా. ఆమోసుకి తెలిస్తే ఈపు పగిలిపోద్ది,” అంది. వాళ్ళ మీద కోపం వచ్చింది. రాత్రి వంట చేస్తుంటే ఆ కోపం దిగిపోయింది. వాళ్ళు వద్దంటే వాళ్ళ తరఫున నేను రాసేస్తే, నగరేశ్వరరావుగారు చేసిన పని కాక అది మరేమిటి? వాళ్ళ మాట వాళ్ళదే. నాది నాదే. ఈ సంగతి తేలడానికి నాకు ఇంత దెబ్బ కావలసి వచ్చింది, దానికి ఏడుపొచ్చింది.

ఆదివారం వచ్చింది. కుంపటి రాజేశాను, టీ పెట్టాను, పకోడీ వేశాను. ముందు గదిలో వచ్చే ఏడు ఓట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. సంఘానికి మహిళా శాఖ పెడితే పత్రిక ఇంకా మెచ్చుకుంటుందని నగరేశ్వరరావుగారు అన్నారు. అధ్యక్షురాలు ఎవరు అంటే, “ఉందిగా, మా రత్నం,” అన్నారు మా ఆయన. నన్ను పిలవలేదు. గ్లాసులు ఇంకా ఖాళీ కాలేదు.

నేను మూకుడు దించి, చెయ్యి తుడుచుకుని, వంటింటి నేల మీద కూర్చుని పోస్టుకార్డు మీద రాశాను. కార్డే కావాలనుకున్నాను. దారిలో ఎవరు చదివినా చదవనీ. క్వార్టరు నంబరుతో సహా చిరునామా రాశాను, జవాబు వస్తే ముందు ఎవరి చేతిలో పడుతుందో తెలిసే. ఓట్లన్నీ కొట్టేస్తారేమో. మా ఊరిని మళ్ళీ అడగరేమో. కన్యకాంబ మా గడప తొక్కదేమో. అన్నీ అనుకున్నాను, అనుకుంటూనే రాశాను. పక్క గదిలో ఆయన దగ్గారు. మళ్ళీ దగ్గారు. నేను లేవకుండా చివరిదాకా రాశాను.

“అయ్యా, మీరు అచ్చు వేసిన జ్ఞానరత్నం నేను కాదు. నాకు పిల్లలు లేరు. ఓటు ఉంది.”