నాలుగో పొంగు

ఆ వరుస గదుల్లో ఆమెకు భయాలమ్మ అని పేరు. పెట్టింది పక్కగది దర్జీ అక్క. ఈ తల్లి, పిల్ల తుమ్మితే నిమ్ము చేసిందంటుంది, కాస్త ఎక్కువసేపు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. నీళ్ల సంగతి మరీను. కుళాయి నీళ్లు గుడ్డలో వడగట్టి, పెద్ద గిన్నెలో పోసి, మూడు పొంగులొచ్చి సగానికి ఇగిరితే తప్ప పెద్దపిల్ల గొంతులో చుక్క పోసేది కాదు. పాలు తాగే చంటిది ఉందని తనూ అవే తాగేది.

“నీళ్లు కాస్తున్నావా, కషాయం కాస్తున్నావా?” అనేది దర్జీ అక్క గుమ్మంలోంచి.

“నవ్వు నవ్వు. రేపు రోగమొస్తే నువ్వు మోస్తావేంటి?”

పెద్దదానికి మూడేళ్లు నిండాయి. అమ్మా అనేది ఒకప్పుడు, అదీ పోయింది. దాహమేస్తే పొయ్యివైపు వేలు చూపించి “బుడబుడ” అంటుంది, అంతే. తిండి సయించదు. కడుపు పట్టుకుని రొయ్యలా ముడుచుకుపోతుంది. నీళ్లలోనే ఏదో పురుగు మిగిలిపోతోందని ఆమె నాలుగో పొంగు కూడా రానివ్వసాగింది.

ఆసుపత్రిలో నర్సు పిల్ల రక్తం తీసుకుని, వారం తర్వాత మళ్లీ పిలిచింది.

“రక్తంలో సీసం ఉందమ్మా. చాలా ఎక్కువుంది. మీ ఆయన పనేంటి?”

“పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులోనండీ.”

“ఆ బట్టలతోనే ఇంట్లోకొస్తాడా?”

“రానిస్తానా? బయటే విప్పించి, ఒళ్లు రుద్దించి, అప్పుడు గానీ పిల్లల్ని ముట్టుకోనివ్వను. ఆయనకి నేనంటే హడల్.”

నర్సు నవ్వబోయి ఆగింది. “మంచిపనే. షెడ్డు నుంచి ఎప్పుడన్నా ఏమన్నా ఇంటికి తెచ్చాడా?”

“ఏం తేలేదండీ,” అంది వెంటనే. అన్నాక గిన్నె గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందట నీళ్లు కాచే ఆ పెద్ద గిన్నె అడుగున చిల్లు పడింది. పారేద్దామంటే ఆయన వినలేదు. షెడ్డు నుంచి వేలెడు సీసం ముక్క తెచ్చి కరిగించి, చిల్లు మీద లోపలివైపు పోసి, సుత్తితో చదును చేశాడు. “ఇక చుక్క కారితే నా పేరు మార్చెయ్” అన్నాడు. కారలేదు. ఆ మాటును రోజూ మెరిసేదాకా తోమేది తను.

గిన్నె సంగతి చెబుతుంటే నర్సు రాయడం ఆపేసింది.

“మరిగిస్తే పురుగులు చస్తాయి గానీ, సీసం ఎక్కడికి పోతుందమ్మా? నీళ్లు ఆవిరైపోతాయి, అది అడుగునే ఉంటుంది.”

“అంటే... ఎక్కువ కాచేకొద్దీ...”

నర్సు అవునన్నట్టు తలూపింది.

“మాటలొస్తాయాండీ దానికి?”

“ఇంకా పెరగకుండా చూద్దాం. ముందా గిన్నె తీసెయ్యండి.”

అడిగిందొకటి, వచ్చిన జవాబొకటి.

“మీ రక్తం కూడా తీయాలి. చంటిదానిదీ.”

ఒళ్లో పాలు తాగుతున్న చంటిదాన్ని చటుక్కున రొమ్ము నుంచి లాగేసింది. అది గుక్కపట్టి ఏడ్చింది. ఫలితం వచ్చేదాకా పాలు మాన్పించొద్దని నర్సు రెండుసార్లు చెప్పింది. ఆమెకు మాటలు వినబడుతున్నాయి గానీ రవిక సర్దుకుంటున్న చెయ్యి ఆగలేదు.

ఇంటికొచ్చాక మొగుడితో అన్నీ చెప్పింది. తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది. “నేనే కదే మాటేసింది” అన్నాడు. గిన్నె తీసి సందులోకి విసిరేసి, గుమ్మంలోనే చతికిలబడ్డాడు. దర్జీ అక్క చప్పుడు విని వచ్చింది, సంగతంతా వింది. “మా గిన్నె తెస్తానుండు” అని వెనక్కి తిరిగింది.

చంటిది ఆకలికి ఏడుస్తూనే ఉంది. రొమ్ములు సలుపుతున్నాయి. ఆమె గోడకు ఆనుకుని రెండు చేతులూ వాటి మీద అదిమిపట్టుకుంది.

గడప దగ్గర ఏదో రాసుకుంటున్న చప్పుడైంది. పెద్దపిల్ల గిన్నెను రెండు చేతులా ఈడ్చుకుంటూ, తండ్రి కాళ్లు దాటించి లోపలికి తెచ్చింది. పొయ్యి ముందు పెట్టింది. తల్లి ముఖంలోకి చూసి, అలవాటుగా వేలు చూపించింది.

“బుడబుడ.”