చిన్నవాటికి కనబడని బాణం

వాన వెలిసింది. దేవదారు కొమ్మల్లోంచి నీళ్లు ఇంకా రాలుతున్నాయి... టప్... టప్...

నల్లడవి కొండంతా తడి బెరడు వాసన.

పొద్దున ఫ్రౌకే ఆ దారిలో నడుస్తూ తన నిరూపణను తనకే అప్పజెప్పుకుంటోంది. మధ్యాహ్నం కాఫీ తర్వాత, కొండ మీది గణిత నిలయంలో ఆమె ప్రసంగం.

తనకు చదువు చెప్పిన ఓల్సెన్ ముప్ఫై ఏళ్లుగా నమ్మిన మాట అది. గణితంలో ఒక లోకాన్ని ఎన్ని ప్రశ్నలడిగినా జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతుంటే, వాటన్నిటి వెనకా ఒక వస్తువు ఉండి తీరాలి. కొన్ని లోకాల్లో ఉందని తేలింది. ఓల్సెన్ పట్టుకున్న లోకంలో మాత్రం ఎవరూ చూపలేదు.

తాను చూపింది. చూపానని ఫోనులో చెప్పింది కూడా. అది విని ఎనభై దాటిన మనిషి రెండు రైళ్లు మారి వచ్చాడు.

చివరి మెట్టు. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు రెండు బాణాలు, అంటే రెండు దారులు. రెండూ ఒకటేనని తేల్చాలి. ఆ లోకానికి ఇటుకల్లాంటి చిన్న వస్తువుల్లో దేనికీ వాటి మధ్య తేడా కనబడదు. కనక తేడా లేదు.

కనక...

కాళ్లు ఆగిపోయాయి.

చిన్నవాటికి కనబడని వస్తువు లేనట్టే. అది నిజం. కానీ బాణం? చిన్నవాటన్నిటి కళ్లూ కప్పి సాగిపోయే బాణాలుంటాయి. దయ్యపు బాణాలని వాటికి పేరు కూడా ఉంది. ఏటా పిల్లలకు తానే చెప్పే పాఠం! వస్తువుకు చెల్లిన మాటను బాణానికి అంటగట్టి, దాని మీద ఏడాది పాటు మేడ కట్టింది.



నిలయం భోజనాల గదిలో ఎవరి పక్కన ఎవరో వంటింటివాళ్లే తేలుస్తారు. పేర్లు రాసిన రుమాలు సంచుల్ని రోజూ కలిపేసి బల్లల మీద ఎటుపడితే అటు పెడతారు. ఇవాళ ఆమె సంచి ఓల్సెన్ పక్కన పడింది.

పడక పడక ఇవాళే పడాలా!

"సూపు తాగమ్మాయ్, చల్లారిపోతోంది. సిద్ధాంతం ఎక్కడికీ పారిపోదులే," అన్నాడు ఓల్సెన్.

"పారిపోతే?"

"పోనీ. కాఫీ వేళకు మాత్రం తిరిగి రమ్మను."

బల్లంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. చెప్పేయాలి... ఇప్పుడే చెప్పేయాలి... ఆయన రొట్టె తుంచి ఆమె వైపు జరిపాడు. ఆమె దాన్ని సూపులో ముంచింది.

మళ్లీ వాన.

ప్రసంగాల గదిలో ఒక బోర్డు నిండి పైకి జరిగింది. రెండోదీ నిండుతోంది. ముందు వరసలో ఓల్సెన్ ప్రతి వాక్యానికీ తలాడిస్తున్నాడు. ఎంత హాయిగా నమ్ముతున్నాడీయన! ఆ తలాడింపు చూస్తేనే ఆమెకు భయం.

చివరి మెట్టు వచ్చింది. రెండు బాణాలు. "ఇది స్పష్టమే" అని ముందుకు పోతే చాలు. సగం మంది కునుకులో ఉన్నారు.

స్పష్టమే... మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇక్కడ కన్నం ఉంది," అంది. "ఈ తేడా దయ్యపు బాణం కావచ్చు. కాదని చూపడం నాకు చేతకాలేదు. పొద్దునే తెలిసింది."



"ఆ కన్నం సంగతి నాకు ముప్ఫై ఏళ్ల కిందటే తెలుసు," అన్నాడు ఓల్సెన్ మెల్లగా. "నేనూ అక్కడే పడ్డాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే అటు వెళ్లేదానివి కాదు. నాకు కనబడని దారేదో నీకు దొరికిందేమో అనుకున్నా. ఇందాకటి దాకా... అనుకుంటూనే ఉన్నా."

ఇంతసేపూ ఆయన తలాడించింది ఆశతోనన్నమాట. ఆమెకు కోపం వచ్చింది. ఒళ్లు మండేంత కోపం. దాని వెనకే జాలి కూడా వచ్చింది, అదింకా కోపం తెప్పించింది.

సుద్దముక్కను ఆయన వైపు చాచింది.

"లేవండి. కూర్చుని చూసింది చాలు. ఎక్కడ పడ్డారో వచ్చి చూపించండి."

ఆయన ఆ సుద్ద వైపే చూస్తున్నాడు. లేవలేదు... లేవననీ అనలేదు.